నేను వద్దన్న ఇంటి స్థలం

పదిహేనేళ్లకు పైగా ఒక మాటను మోస్తున్నాను. నన్ను చూస్తే ఎవరూ అలా అనుకోరు. నవ్వుతాను, నవ్విస్తాను, పెళ్లిళ్లలో వడ్డన దగ్గర నా గొంతే ముందు వినబడుతుంది. అయినా ఏడాదికి రెండు మూడుసార్లు, అన్నం కలుపుకుంటూ ఉండగా ఆ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది. మా ఆయనకు సగం తెలుసు. మిగతా సగం ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు.

మా పుట్టిల్లు పుంగనూరు. మా ఆయనకు బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో అక్కడే ఒక వఠారంలో ఒంటిగది తీసుకున్నాం. పది నెలల అద్దె ముందే అడ్వాన్సు కట్టాలి. నీళ్లకు వరస, స్నానానికి వరస. రెండేళ్లకే ఓనరు అద్దె పెంచాడు. జీతం మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. బాబు పుట్టాక ఇక వల్లకాక కుప్పం వచ్చేశాం. అంతకంటే తక్కువ అద్దెకు రెండు గదులు, పెరడు, పెరట్లో మునగచెట్టు. మా ఆయన పాసు తీసుకుని రోజూ రైల్లో బెంగుళూరు పోయి వచ్చేవాడు. నిజం చెప్పాలంటే నేను సుఖపడింది అక్కడే.

ఆ సంగతి పుంగనూరులో చెప్పలేదు. "మా పెద్దది బెంగుళూరులో ఉండాది" అని మా అమ్మ కూరగాయల బండివాడికి కూడా చెప్పుకునేది. ఆ సంబరం నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నాను. అమ్మ సంబరమేనా, నాది కాదా? నాదే ఎక్కువ.

ఊరికి పోవాలంటే ముందు నెలంతా మా ఇంట్లో మునగాకే. మిగిలిన డబ్బుతో హ్యాండ్‌బ్యాగు, ఎత్తుమడమల చెప్పులు, మా ఆయన బెంగుళూరు నుంచి తెచ్చిన స్వీటు పెట్టె. కుప్పం నుంచి పలమనేరు మీదుగా పుంగనూరు చేరి, బస్టాండులో ఒక మూల బాబుతో కూర్చునేదాన్ని. బెంగుళూరు బస్సు వచ్చి ఆగగానే, దిగినవాళ్లలో కలిసిపోయి దర్జాగా బయటికి నడిచేదాన్ని. ఒకసారి బస్సు చాలా ఆలస్యమైంది. ఆకలికి తట్టుకోలేక అమ్మ కోసం తెచ్చిన స్వీట్లు సగం మేమే తినేశాం. ఎవరైనా మా ఇంటికి వస్తామంటే, ఇంటికి సున్నం వేయిస్తున్నామని చెప్పేదాన్ని. మా బెంగుళూరు ఇంటికి పడినన్ని సున్నాలు గుర్రంకొండ కోటకు కూడా పడి ఉండవు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఇది చిన్న తప్పు. మా ఆయనకు తెలిసిన సగం ఇదే.

పెద్దది మా చెల్లెలి సంగతి.

రెడ్డెమ్మ నాకంటే నాలుగేళ్లు చిన్నది. మదనపల్లెలో ఇచ్చాం. మరిది రామప్ప పట్టుచీరలు నేస్తాడు. బంగారంలాంటి పనివాడు, కానీ సొంత మగ్గం లేదు. మగ్గానికి నేలలో గుంత తవ్వాలి, నేసేవాడు అందులో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. అద్దె ఇంట్లో బండలు పీకి గుంత తవ్వుతానంటే ఏ ఓనరు ఒప్పుకుంటాడు? కాబట్టి వేరేవాళ్ల ఇంట్లో, వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేసేవాడు. సొంత ఇల్లుంటేనే సొంత మగ్గం. వాళ్ల జీవితమంతా ఆ ఒక్క గుంత దగ్గర ఆగి ఉండేది.

తొంభైల మొదట్లో, గంగమ్మ జాతరకు అందరం పుంగనూరు చేరాం. ఇంటినిండా పిల్లలు, ఓళిగల వాసన. ఓళిగల పూర్ణానికి పప్పు రుబ్బుతున్న నా పక్కన చేరి రెడ్డెమ్మ మెల్లగా అంది.

"అక్కా, ఊరి బయట గవర్మెంటు కాలనీలో మాకు ఇంటి స్థలం వచ్చుండాది. బేస్తవారంలోగా పోయి సంతకం పెట్టాలంట. ఏం సేయమంటావు?"

దాని కళ్లు మెరుస్తున్నాయి. నేను రుబ్బడం ఆపలేదు.

"కాలనీలోనా? ఆడ ముళ్లకంపలు తప్ప ఏముండాదే? ఆ పేరు సెప్పుకుంటే రేపు నీ బిడ్డకు సమ్మందాలు గూడా రావు."

"ఈయనేమో మగ్గం గుంత తవ్వుకుందామంటాండాడు."

"ఎన్నాళ్లు తవ్వుతారే గుంతలు? బెంగుళూరికి వచ్చేయండి. మా ఇంటి పక్కనే మీకూ ఒక ఇల్లు సూసిపెడతా. మీ బావ ఫ్యాక్టరీలోనే పని ఇప్పిస్తాడు."

"నిజంగానా అక్కా?"

"నీకు యాల అబద్ధం సెప్తానే?"

అది నా భుజం మీద తల ఆనించి నవ్వింది. పప్పు చేతులతోనే దాని చెంప నిమిరాను.

బెంగుళూరులో నాకే ఇల్లు లేదు. ఫ్యాక్టరీలో మా ఆయన మాట గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా వినడు. అన్నీ తెలిసే అన్నాను.

రెడ్డెమ్మ సంతకం పెట్టలేదు. స్థలం వేరేవాళ్లకు పోయింది. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. మా ఇంటి అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి అవి ఫ్యాక్టరీకి వచ్చేవి. మా ఆయన వాటిని విప్పకుండానే టిఫిన్ సంచిలో పెట్టుకుని రైల్లో కుప్పం తెచ్చేవాడు. "అక్కా, ఇల్లు చూసినావా?" అని మొదటిది. "చిన్నదైనా పరవాలేదు" అని రెండోది. "బావను ఇబ్బంది పెట్టొద్దు, వీలైతేనే" అని మూడోది. అడ్వాన్సులు మండిపోతున్నాయి, కొన్నాళ్లు ఆగండి అని జవాబు రాశాను. నాలుగో ఉత్తరంలో మా ఆరోగ్యాలు మాత్రమే అడిగింది.

పన్నెండేళ్లు ఆగారు. నాలుగు అద్దె ఇళ్లు మారారు. రామప్ప పన్నెండేళ్లు పరాయి మగ్గాల మీదే నేశాడు. చివరికి చీటీలు పాడి, ఉన్న రెండు గాజులు అమ్మి, మదనపల్లెలోనే ఒక చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు.

గృహప్రవేశానికి పోయాను. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ, ఇది మాత్రం అబద్ధం కాదు. పాలు పొంగగానే రెడ్డెమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. రామప్ప కొత్త పంచె నలిగిపోతుందని అందరూ అంటున్నా వినకుండా గుంతలోకి దిగి, మగ్గం ముందు కూర్చుని, భోజనాలకు పిలిచినా రాలేదు. "నన్ను ఈడనే ఉండనీండప్పా, ఆకు గూడా ఈడికే తెండి" అన్నాడు. నేనే ఆకు వేసి వడ్డించాను. తల నెరిసిన మనిషి, గుంతలో కూర్చుని ఓళిగ తింటూ ఊరికే నవ్వుతున్నాడు. ఆయన్ను చూసి ఇల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను.

అప్పుడు రెడ్డెమ్మ నా చెయ్యి పట్టుకుని పదిమంది ఆడవాళ్ల ముందు నిలబెట్టింది. "మా అక్క ఆ పొద్దు కాలనీ వద్దనింది గాబట్టే ఈ పొద్దు మేం ఊర్లో ఇల్లు కట్టుకున్నాం. బెంగుళూరులో మెలిగిన మనిషి, లోకం తెలిసిన మనిషి" అంది. కాలనీలో స్థలం తీసుకున్నవాళ్లు అప్పటికే మగ్గాలు పెట్టుకుని, వీధివైపు అంగళ్లు కట్టుకున్నారని నాకు తెలుసు. దానికీ తెలుసు. అయినా అలా అంది. అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. నేనేం చేశాను? కొంగు సర్దుకుని, "దానిదేముండాదిలే" అన్నాను. ఆ మెప్పు కూడా వదల్లేదు.

ఇప్పుడు మేం కుప్పంలో ఉన్నామని అందరికీ తెలుసు. బెంగుళూరు గాలి పడక వచ్చేశామని చెప్పాను.

చాలాకాలం నాకు నేను ఒక సాకు చెప్పుకున్నాను. బెంగుళూరు గొప్ప నిలబెట్టుకోవడానికి నోరు జారాను, అంతే అని. గొప్ప కోసమే అయితే ఇల్లు చూసిపెడతానని చెప్పి ఊరుకోవచ్చు కదా? సంతకం పెట్టే ఉంచుకోవే, తర్వాత చూద్దాం అనొచ్చు కదా? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిందని నాకు బాగా గుర్తు. మింగేశాను.

ఎందుకంటే ఆ రోజు నాకు ఇల్లు లేదు, నా చెల్లెలికి రాబోతోంది. నాకంటే చిన్నది, నాకంటే పేదది, నాకంటే ముందు ఇంటిదవుతుంది. చూడలేకపోయాను.