బుల్లయ్య గారి మిల్లులో వెచ్చని కుప్ప

ఇమ్మానియేలు చెయ్యి పెట్టిన మిల్లు బూడిదవుతుందని పర్చూరులో చెప్పుకుంటారు. బొంబాయిలో పెద్ద బ్యాంకు వాళ్లు అతన్ని పెట్టుకున్నదే అందుకట. మూయించాలనుకున్న మిల్లుకు పంపుతారట. అతను ఒక్కసారి తాకి వస్తాడట.

అతను మా పేటలో దానయ్య గారి కొడుకు. దానయ్య గారు ఊళ్లో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనిచేస్తూనే చనిపోయారు. కొడుకు గుంటూరులో బీకాం చదివి, మద్రాసులో ఒక చిన్న ఫైనాన్సు కంపెనీలో చేరాడు. ఎనభై ఆరులో బొంబాయి బ్యాంకు నుంచి జూనియర్ అనలిస్టుగా పిలుపొచ్చింది. కంపెనీలకు పెట్టుబడి సమకూర్చే బ్యాంకు అది. ఏ కంపెనీ నిలబడుతుందో, ఏది పడిపోతుందో ముందే చూసి చెప్పాలట. జాతకాలు చెప్పే ఉద్యోగమా అంది మా అమ్మ. అతని గురించి బ్యాంకులో మాట చెప్పింది మిల్లు యజమాని బుల్లయ్య గారి బావమరిది.

బయల్దేరే ముందు బుల్లయ్య గారికి చెప్పి వెళదామని అతను మిల్లుకు వచ్చాడు. బడి మానేశాక నేను అక్కడే, అతని మేనత్త ఎలీసమ్మ పక్కన కూర్చుని, పత్తిలో ఆకు ఏరేదాన్ని. తూకం కోసం తెల్లవారుజామున పత్తి మీద నీళ్లు చల్లడం అక్కడ మామూలే. తడికి కుప్ప లోపల వెచ్చబడేది. చలికాలం మాకు అదే సుఖం. అన్నం తిని ఆడవాళ్లమంతా దానికే ఒరిగి కునుకు తీసేవాళ్లం.

ఆ మధ్యాహ్నం అన్నాలకి మిషన్లు ఆగాయి. కుప్పలో ఈనిన పిల్లి, పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని బయటికి మోస్తోంది. అతను మాట మధ్యలో ఆపి దాన్నే చూశాడు. చొక్కా చెయ్యి మడిచి, కుప్పలోకి భుజం దాకా దూర్చాడు. అలాగే ఉండిపోయాడు. లోపల ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నట్టుంది అతని ముఖం.

“లోపల కాలుతోందండీ. ఇప్పుడే విప్పించండి.”

బుల్లయ్య గారు నవ్వారు. “చూశావా ఎలీసమ్మా, మీవాడింకా రైలెక్కనే లేదు, అప్పుడే నా మిల్లుకి జోస్యం చెబుతున్నాడు!”

“జోస్యం కాదండీ. చెయ్యి పెట్టి చూడండి.”

“విప్పితే తడి ఆరిపోద్ది, తూకం పోద్ది. అబ్బాయ్, మా బావమరిదికి ఒక్క ఫోను చాలు. ఆలోచించుకో.”

ఆ ఉద్యోగం కోసం అతనెంత ఎదురుచూశాడో పేటంతటికీ తెలుసు. మా వైపు తిరిగాడు. “అత్తా, దీనికి ఎవ్వరూ ఒరగొద్దు. బయటికి రండి.”

“ఏరా, చలికి చావమంటావా?”

“లేవండి!” అని అరిచాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆ అరుపుకే భయపడి లేచాం. బుల్లయ్య గారు ట్రంకు కాల్ చేయడానికి ఆఫీసు గదిలోకి వెళ్లిపోయారు.

షెడ్డు గుమ్మం బయట నుంచి చూస్తున్నాను. గాలి లేదు. కుప్ప నడినెత్తి నెమ్మదిగా కుంగింది, నిద్రలో మనిషి ఊపిరి వదిలినట్టు. మంట లేదు, చప్పుడు లేదు. తెల్లటి పత్తి మీద గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి, మేం చూస్తుండగానే పెరిగింది. ఉన్నట్టుండి కుప్పంతా ఒక్కసారే అంటుకుంది.

మిరపకోతలు అయ్యేదాకా బొంబాయి నుంచి కబురు రాలేదు. ఆ తర్వాత పిలిచారు, వెళ్లాడు. ఇప్పుడు సెలవులకు వస్తే, అతన్ని చూసి బేరగాళ్లు పత్తి బోరాలు పక్కకు జరుపుకుంటారు. అంటుకునే ముందు ఆ కుప్పలో చెయ్యి పెట్టింది అతనొక్కడే కదా అంటారు. నిజమే.

కుప్ప అంటుకున్నప్పుడు షెడ్డులో ఒక్క మనిషి కూడా లేడు.