ఓడిన పేరు ముందు రాసిన బస్వరాజ్ సార్

నారాయణఖేడ్ ఓడిపోయింది. బస్వరాజ్ సార్ ఇక లేరు.

ఈ రెండు వాక్యాలూ ఈ వరుసలోనే ఎందుకు రాశానో సార్‌ను ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎరగనివాళ్లకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు. క్రీడలను, వాటి చుట్టూ గుమిగూడిన సమాజాన్ని, ఆ సమాజం వెనకనున్న చరిత్రను ఒకే కలంతో నాలుగు దశాబ్దాలు రాసిన పాత్రికేయుడాయన. నేను కల్హేర్‌లో బడిపిల్లల ఖోఖో పోటీలు చూస్తుండగా ఆయన భార్య కమలమ్మ ఫోన్ చేసింది. "సుజాతా, మీ సార్ పోయిండే. దవాఖానకు తీస్కపోయేలోపల్నే పాణం పోయింది" అన్నది. నేను నమ్మలేదు. పొద్దున నా వార్తలో తప్పు పట్టి, కడుపునిండా తిట్టి ఫోన్ పెట్టేసిన మనిషి మధ్యాహ్నానికి ఎట్లా పోతాడు? దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఒక్క వారం ఆగితే ఏం పోయేది? జాతర కుస్తీలు వారంలో ఉన్నాయి. ఆ కుస్తీల కోసమే కదా ఇన్నేళ్లు కొట్లాడింది.

ఆ కొట్లాట ఏమిటో చెప్తాను. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటకను ఆనుకొని ఉన్న ఒక ఊళ్లో ఏటా జాతరకు కుస్తీలు పెడతారు. మొదటి కుస్తీ కొబ్బరికాయకు, చివరిది వెండి కడియానికి. ఆ బరి మట్టిని తవ్వి మెత్త చేసేది ఆడవాళ్లు. నీళ్లు చల్లేది, పసుపు కలిపేది ఆడవాళ్లు. డప్పు మోగగానే వాళ్లంతా వెళ్లి మిద్దెలెక్కి నిలబడాలి. బరిలోకి ఆడపిల్ల దిగిన దాఖలా లేదు. మట్టి తడిపిన చేతులకు ఆ మట్టిలో చోటెప్పుడని సార్ ప్రతి ఏడూ జాతర వార్తలో అడిగేవారు. జాతర పెద్ద నర్సింలు పటేల్ ప్రతి ఏడూ చదివి అలిగేవాడు. అలిగినా మరుసటేడు సార్‌కు కబురు పెట్టడం మానలేదు, సార్ వెళ్లి అదే మాట రాయడం మానలేదు. ఈ ఏడు పటేల్ దిగివచ్చాడు. కొబ్బరికాయ కుస్తీ ఇద్దరు ఆడపిల్లలకు ఇస్తామన్నాడు. ఆ కబురు చెప్పినప్పుడు సార్ గొంతులో ఎంత సంబరమో! "ఇగ జూడు సుజాత, నేను బరి గట్టు మీదనే కూసుంట" అన్నారు.

హైదరాబాద్‌లో పెద్ద పత్రికకు క్రికెట్ రాసిన మనిషి ఉద్యోగం వదిలి నారాయణఖేడ్‌కు వస్తే, తీసేసి ఉంటారని ఊళ్లో గుసగుసలు పోయాయి. సార్‌కు అవి నవ్వులాట. "స్టేడియంల కూసుంటే ఆట కనవడ్తది గని ఊరు కనవడదే" అనేవారు. ఆట మొదలుకాక ముందే చేరుకుని, మైదానం చుట్టూ తిరిగి, ఈ జాగా ఎవరిది, ఎవరు చదును చేశారు, ఎవరిని రానియ్యరు అని అడిగేవారు. ఒక కన్ను బరి మీద, ఒక కన్ను బరి బయట నిలబడ్డ వాళ్ల మీద ఉండాలన్నది నాకు నేర్పిన మొదటి పాఠం. నిజాం కాలపు తాలీంల మీద, అంటే పహిల్వాన్లు కసరత్తు చేసే పాత మట్టి గదుల మీద, ఆయన రాసిన వ్యాసాలు అపురూపమైనవి. పహిల్వాన్లకు దొరలు పాలు పోయించారని అందరూ రాశారు. ఆ బర్రెలను ఎవరు మేపారో, మేపిన ఇంటి పిల్లలకు ఆ పాలు దక్కాయో లేదో సార్ రాశారు.

అలంకారాలు ఆయనకు గిట్టవు. ఒకసారి నేను 'ఘన విజయం' అని రాస్తే ఫోన్‌లోనే ఉతికేశారు. "ఘనమంటే ఎంతనే? తూకమేసి జూసినవా? వాడు ఎట్ల గెలిచిండో రాయి, సదివేటోడే అనుకుంటడు ఘనమో కాదో." పెద్దలను స్మరించేటప్పుడు ఘనమైన మాటలు రాయడం రివాజు. ఆ తిట్టు గుర్తొచ్చి ఇక్కడ చాలా కొట్టేశాను.

ఇక ఆయన నియమం. ఏ ఆటైనా వార్తలో మొదటి పేరు ఓడినవాళ్లదే. డెస్కులో కూర్చున్నవాళ్లు తిరగేసి పంపితే, ఆయన మళ్లీ తిరగేయించేవారు. బడిలో ఉన్నప్పుడు నేను కబడ్డీలో ఓడి ఏడ్చుకుంటూ ఇంటికొస్తే, తెల్లారి పత్రికలో నా పేరే ముందుంది. మా నాయన కంది చేన్లోంచి లేచి నేరుగా సార్ ఇంటికి పోయాడు. "సారూ, ఓడిన పిల్ల పేరు గట్ల ఊరంత ఎర్కజేస్తరా?" అని నిలదీశాడు. సార్ మంచం మీద కూర్చోబెట్టి, "గెలిచినోళ్లకు కప్పు దొరికింది గదనే. నీ బిడ్డకు రెండు లైన్లన్న దొరకొద్దా? ఓడినోళ్లు బరిల దిగకుంటే గెలుసుడు యాడికెల్లి వస్తది?" అన్నారట. మా నాయన ఆ పేపర్ మడిచి జేబులో పెట్టుకుని వచ్చి, కల్లం కాడికి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ రెండు లైన్లే కారణం.

ఈ నియమం వల్ల మనూర్ దిక్కు ఒకసారి జరిగిన తమాషా తలచుకుంటే ఈ దుఃఖంలోనూ నవ్వొస్తుంది. అక్కడి మొగులయ్య అనే పహిల్వాన్ దూరపు జాతరలో హన్మంతు అనే అతని చేతిలో ఓడాడు. మొగులయ్య తిరుగు బస్సెక్కేసరికే పేపర్ ఊరు చేరింది. మొదట మొగులయ్య పేరు కనబడగానే కింద చదివే ఓపిక ఎవరికుంది? డప్పులు, పూలదండలు, గులాల్ తీసుకుని ఊరంతా బస్సు దగ్గరికి పోయింది. మొగులయ్య దిగి, "అరే, నేను ఓడిపోయిన్రా" అంటాడు. "సూడుండ్రి, ఎంత అణకువ" అని ఇంకో దండ వేస్తారు. ఊరు ఊరంతా ఊరేగించి ఇంటికాడ దింపారు. సంగతి తెలిసి హన్మంతు వెండి కడియంతోనే సార్ ఇంటి మీదికొచ్చాడు. "గెలిచింది నేను, డప్పులు వానికా?" అన్నాడు. "కడెం నీ చేతికున్నది గదరా. డప్పులన్న వానికుండనీ" అన్నారు సార్, జొన్నరొట్టె పళ్లెం అతని ముందుకు జరుపుతూ. ఆ మొగులయ్యే ఇప్పుడు మనూర్‌లో తాలీం నడుపుతున్నాడు. కొబ్బరికాయ కుస్తీకి దిగమని సార్ అడిగిన ఇద్దరు పిల్లల్లో రేణుక అతని దగ్గర నేర్చినదే. రెండో పిల్ల నాగల్‌గిద్ద శివలీల.

సార్ పోయిన మూడో నాడు నర్సింలు పటేల్ పలకరింపుకు సార్ ఇంటికి వచ్చాడు. కమలమ్మ ముందు కూర్చుని, "అక్కా, సార్ పోయిండు. అందరం దుఃఖంల ఉన్నం. గా ఆడివిల్లల కుస్తీ ఈ ఏడు ఆపుదమంటుండ్రు. వచ్చేడు జూద్దం" అన్నాడు. వచ్చే ఏడు అడగడానికి సార్ ఉండరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నోరు తెరవబోయాను. నాకంటే ముందు కమలమ్మే అడిగింది.

"మరి మొగోళ్ల కుస్తీలు?"

"అవి దేవునియి గదక్కా. ఎట్ల ఆపుతం?"

"పటేలా, ఆయన బతికున్నన్ని దినాలు ఆయన మాట ఇనకపోతిరి. సచ్చినంక ఆయన పేరే జెప్పి ఆపుతరా? ఆపితే అన్ని ఆపుండ్రి. లేకుంటే పిల్లల్ని ఆడనియ్యుండ్రి."

గొంతు పెంచలేదు ఆమె. పటేల్ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. లేచి గడప దాటుతూ నా వైపు తిరిగి, "పిల్లల్ని జల్దీ రమ్మను. మొదటి కుస్తీ వాళ్లదే" అన్నాడు.

జాతర నాడు బరి చూసినవాళ్ల అదృష్టమే అదృష్టం. మట్టి తడిపిన ఆడవాళ్లు మిద్దెలెక్కలేదు. పసుపు చేతులతోనే గట్టు మీద కూర్చున్నారు, ఎవరూ లేవమనలేదు. డప్పు మోగింది. రేణుక దూకుడుగా వెళ్లి నడుము పట్టింది, శివలీల జారిపోయింది. మళ్లీ పట్టింది, మళ్లీ జారింది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ముసలి పహిల్వాన్ ఒకాయన కర్ర నేలకేసి కొడుతూ "బిడబ్యాడ, బిడబ్యాడ" అంటున్నాడు, వదలొద్దని. ఎవరినంటున్నాడో ఆయనకే తెలియదు. ఒక దశలో శివలీల ఒక భుజం మట్టికి ఆనింది. అయిపోయిందనుకుని సగం జనం లేచారు. ఆ పిల్ల ఎట్లా తిరిగిందో, రేణుక పట్టునే ఆసరా చేసుకుని మీదికి వచ్చింది. రేణుక వీపు మట్టికి తాకింది. ఆడవాళ్ల ఈలలు నేను జన్మలో మొదటిసారి విన్నాను. నర్సింలు పటేల్ కొబ్బరికాయ శివలీల చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ అటు తిరిగాడు.

రేణుక బరి దాటి నా దగ్గరికి వచ్చింది. వీపంతా పసుపు మట్టి, కళ్లలో నీళ్లు.

"అక్కా, సార్ లేడు గదా. రేపు పేపర్ల ఎవలి పేరు ముందొస్తది?"

"నీదేనే పిల్లా."

కన్నీళ్లతోనే నవ్వింది. నేను సార్ కూర్చుంటానన్న గట్టు మీదే కూర్చుని ఫోన్‌లో వార్త కొట్టాను. 'మనూర్ రేణుక ఓడింది' అని మొదలుపెట్టాను. తెల్లారి పత్రికలో ఆ వాక్యం అట్లాగే వచ్చింది.

సార్, ఎంతోమందికి మీరు ఆట చూడటం నేర్పారు. నాకు రాయడం నేర్పారు. చేతులు జోడించి మొక్కుతున్నాను. ఆ వార్తలో ఎక్కడో ఒక తప్పు ఉండే ఉంటుంది, మీకైతే దొరికేది. అది అచ్చయిన పొద్దున ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తిట్టడానికి ఎవరూ ఫోన్ చేయలేదు.