పొట్లపాదుకు కట్టిన తీగలు

“నాన్న మాటిచ్చారు మామ్మా. చప్పుడు గది దాటకపోతే గిటారు ఉంచుకోమన్నారు. ఇప్పుడు దాటట్లేదుగా!”

“మాటిచ్చాడు కాబట్టే చెబుతున్నాను. వాడు సబ్‌హాన్‌లో ఉన్న గోడౌను నుంచి వచ్చేలోగా పట్టుకెళ్లి నీ స్నేహితురాలింట్లో పెట్టెయ్.”

“సొంత కొడుకు మీద కూడా నమ్మకం లేదా నీకు?”

“కన్నదాన్నే, నాకు తెలీదా వాడి సంగతి!”

గల్ఫులో, సాల్మియాలోని మా ఫ్లాటులో మొన్న సాయంత్రం నా మనవరాలికీ నాకూ జరిగిన గొడవ ఇది. దానిది ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే గిటారు. రాక్ సంగీతమట. పాట మారితే చాలు, తీగలన్నిటి శ్రుతీ మార్చేస్తుంది. కాళ్ల దగ్గర ఒక పెట్టె. ఒక మీట తొక్కితే స్వరం ఇత్తడి బిందెను రోడ్డు మీద ఈడ్చినట్టు గరగరలాడుతుంది. ఇంకోటి తొక్కితే నూతిలోకి వంగి పిలిచినట్టు మళ్లీ మళ్లీ పలుకుతుంది. కింది ఫ్లాటువాళ్లు బిల్డింగు చూసుకునే హారిస్‌తో చెప్పించారు. దాంతో మా అబ్బాయి ఆ షరతు పెట్టాడు. పిల్ల తెలివైంది, పెట్టెకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఇప్పుడు గుమ్మంలో నిలబడినా తీగ మీటిన టిక్కుటిక్కు తప్ప ఏమీ వినబడదు. నెగ్గానని దాని సంబరం.

నా చిన్నప్పుడు నేనూ అలాగే సంబరపడ్డాను. కోనసీమలో మా తాతయ్య నాటకాలకు ఇలాంటి గిటారే వాయించేవాడు. తీగలన్నీ ఒకదానితో ఒకటి కలిసేలా శ్రుతి చేసి ఉంచేవాడు. కడ్డీ అడ్డంగా పెట్టి జరిపితే చాలు, పాట దానంతటదే వచ్చేది. నాకూ నేర్పమని వెంటపడ్డాను. ఆయన కడ్డీని రొంటిన దోపుకుని, ఇది లేకుండా పలికించు, అప్పుడు చూద్దాం అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు.

నేను ఖాళీ మందు సీసా కడిగి తెచ్చుకున్నాను. అది తీగల మీద జారిస్తే గిటారు పలికింది. గాజు మీద ఇంకా మెత్తగా పలికింది. అరుగు మీదున్న వాళ్లు మాటలాపి విన్నారు. తాతయ్య శభాష్ అని నా తల నిమిరాడు. ఆ సంబరంలో ఆ పూట నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు.

తెల్లారి చూస్తే గిటారుకు తీగల్లేవు. దొడ్లో పొట్లకాయలు వంకర పోకుండా వాటి కొసలకు రాళ్లు కడతాం కదా, తాతయ్య ఆ రాళ్లు కట్టడానికి వాటిని వాడేశాడు. ఆడపిల్ల చేతిలో ఇంత బాగా పలికేది ఇంట్లో ఉండకూడదు అన్నాడు. మా అమ్మ వింటూ కూర తరుక్కుంది. నన్ను గెలవనివ్వడం కంటే తన పాట మానుకోవడమే ఆయనకు తేలికైంది. మళ్లీ కొత్త తీగలు వేసింది నా పెళ్లయ్యాకే.

షరతు పెట్టే పెద్దవాళ్లు మనం నెగ్గాలని పెట్టరు. నేను మూడో తరగతి దాటలేదు కానీ ఈ పాఠం మాత్రం మరిచిపోలేదు. అందుకే ఎవరు ఏ పందెం వేసినా ఒప్పుకోలేదు. చేతనైన పని కూడా రాదనే చెప్పుకుని బతికాను. ఆ మాటే చెబితే మనవరాలు, కాలం మారింది మామ్మా అని నవ్వి వెళ్లి పడుకుంది.

మర్నాడు పొద్దున్న మా అబ్బాయి టీ తాగి, “చప్పుడు సంగతి సరేలే. పరీక్షలు అయ్యేదాకా ఈ వాయింపుడు ఖలాస్” అన్నాడు. గిటారునూ పెట్టెనూ కారు డిక్కీలో వేసుకుని గోడౌనుకు వెళ్లిపోయాడు. పిల్ల నావైపు చూడకుండా బడికి పోయింది.

ఉక్కు కడ్డీ మాత్రం వాడికి దొరకలేదు. అది నా పోపుల పెట్టెలో ఆవాల కింద ఉంది.