నాన్నగారు ఊరికే నడిచిన దారి

మా చిన్నప్పుడు మా ఊళ్ళో పనేమీ లేకుండా నడిచే మనిషి ఒక్కరే ఉండేవారు... మా నాన్నగారు. తెలతెలవారుతుండగా లేచి, పంచె ఎగ్గట్టి, జీడితోటల మధ్య ఇసక దారిన సముద్రం కనబడేదాకా వెళ్ళి తిరిగొచ్చేవారు.

సోంపేటకి అవతల, ఉద్దానంలో చిన్న ఊరు మాది. నాన్నగారు అక్కడ బడి మేష్టారు. మనిషి బాగా లావు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం... పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. పలాసలో డాక్టరుగారు చూసి మందేమీ రాయలేదట. రోజూ మూడు మైళ్ళు నడవమన్నారట. వానొచ్చినా మానకూడదు, అదే మందు అన్నారట.

నాన్నగారు ఒక మాట పట్టుకుంటే ఇక వదిలేవారు కాదు. నెలకోసారి జీడిపిక్కల కొట్టుకి వెళ్ళి బస్తాలు తూచే కాటా మీద కూర్చునేవారు. మొదటిసారి కొట్లో వాళ్ళంతా నవ్వారు. నాలుగో నెలకి నవ్వు ఆగిపోయింది. చొక్కాలు వదులైపోయాయి... అమ్మ రెండు చొక్కాలు విప్పి మళ్ళీ కుట్టింది.

కానీ అవి అరవైల చివరి రోజులు. మా వైపు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తోటల్లో నక్సలైట్లెవరో దాక్కున్నారని చెప్పుకునేవారు. రోడ్డు మీద పోలీసు జీపులు తిరిగేవి. దీపాలవేళకే తలుపులు పడిపోయేవి. అలాంటప్పుడు చదువుకున్న మనిషి రోజూ ఒకే వేళకి తోటల్లోకి వెళ్ళొస్తూ "ఊరికే" అంటే ఎవరు నమ్ముతారు?

కొబ్బరికాయలు దింపేవాళ్ళు "ఎటెల్తన్నారు మేస్టారూ?" అని అడిగేవారు. ఒళ్ళు తగ్గడానికి అని నాన్నగారు చెప్తే, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవారు. తిండి సరిపోని ఊళ్ళో ఒళ్ళు తగ్గించుకోవడానికి నడవడమేమిటి...

అమ్మకి భయం పట్టుకుంది. మానమందామంటే ఆ ఆయాసం మళ్ళీ వస్తుందేమోనని బెంగ. చివరికి నన్ను వెంట తీసుకెళ్ళమంది. చిన్నపిల్ల పక్కనుంటే ఎవరూ అనుమానించరని ఆవిడ ఆలోచన. నేనప్పుడు నాన్నగారి బడిలోనే నాలుగో తరగతి.

అలా ఇద్దరం నడిచాం... నెల రోజులు.

ఒకరోజు మంచు బాగా పట్టింది. పది అడుగుల అవతల చెట్టు కనబడటం లేదు. పనసచెట్ల మలుపు దగ్గర ఒక మనిషి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఎముకల గూడులా ఉన్నాడు. నాన్నగారి చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకుంది. అంతలోనే వదులైంది.

అతను కూర్మారావు. నాన్నగారి దగ్గర చదువుకున్నవాడు. పక్క పల్లె నుంచి అంతదూరం నడిచొచ్చి, బడిలో ముందు వరసలోనే నిద్రపోయేవాడని ఇంట్లో ఎప్పుడూ చెప్పేవారు.

"ఏరా, ఇలా చిక్కిపోయావేం?" అన్నారు నాన్నగారు.

"నాదీ నడకే మేస్టారూ" అని నవ్వాడు. తర్వాత నా వైపు చూశాడు. నవ్వు పోయింది. "రేపట్నుంచి ఇటు రాకండి. పాపని అసలే తేవొద్దు. ఎవులు ఎటునుంచొస్తారో సెప్పనేం."

మళ్ళీ మంచులో కలిసిపోయాడు. మేం ఇంటికొచ్చేశాం. గుమ్మం ముందు నాన్నగారు ఆగి, నాతో "మనకెవరూ కనబడలేదమ్మా" అన్నారు. అబద్ధమాడితే బెత్తం తీసే మనిషి...

ఆ రోజు పది గంటలకి బడి ముందు జీపు ఆగింది. అధికారి ఒకాయన నాన్నగారి కుర్చీలో కూర్చున్నాడు. రోజూ తోటల్లోకి ఎందుకెళ్తున్నారని అడిగాడు. నాన్నగారు డాక్టరు మాట చెప్పారు, కాటా సంగతి చెప్పారు. వదులైన చొక్కాని గుప్పిట్లో పట్టి చూపించారు. పిల్లలందరి ముందూ.

ఆ అధికారి నన్ను పిలిచాడు. చాలా మెత్తగా అడిగాడు, దారిలో ఎవరైనా కనబడ్డారా పాపా అని. నాన్నగారు నా వైపు చూడలేదు. నేల చూస్తున్నారు. "ఎవరూ కనబడలేదండి" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

ఆయన లేచి, "ఆ తగ్గేదేదో ఇంట్లోనే తగ్గండి మేష్టారూ" అన్నాడు. జీపు వెనక్కి తిరగలేదు... తోటల దారి పట్టింది.

మధ్యాహ్నం ఎక్కాలు వల్లిస్తున్నాం. సముద్రం వైపు నుంచి రెండు చప్పుళ్ళు. అందరం ఆగిపోయాం. నాన్నగారు "చదవండి" అన్నారు. చదివాం.

కూర్మారావు ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. వాళ్ళ పల్లెలో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ పేరే ఎవరి నోటా రాలేదు.

మర్నాడు అదే వేళకి నాన్నగారు లేచారు. పెరట్లో నూతి చుట్టూ నడవడం మొదలుపెట్టారు. నూటయాభై చుట్లు. అమ్మ చింతపిక్కలతో లెక్క పెట్టేది. ఒక్కరోజు మానలేదు... కొన్నాళ్ళకి అక్కడ గడ్డి మొలవడం మానేసింది. ఒళ్ళు తగ్గింది, ఆయాసం పోయింది. ఎనభై దాటేదాకా బతికారు. డాక్టరుగారి మందు పనిచేసినట్టే.

కానీ నూతి చుట్టూ తిరిగే ఆ మనిషి మొహంలో ఎన్నడూ సంతోషం చూడలేదు నేను. చివరి రోజుల్లో ఒక్కసారి అడిగాను, ఆ రోజు నేను చెప్పింది తప్పా అని.

"నీది కాదమ్మా. నేను రోజూ ఒకే దారిన, ఒకే వేళకి వెళ్ళాను. ఆ జీపువాళ్ళు నా వెనకే వచ్చి ఆ మలుపు చూసుకున్నారేమో..."

ఆ మాట ఆయన నలభై ఏళ్ళు మోశారు.

మొన్న ఆ ఊరు వెళ్ళాను. ఆ దారి ఇప్పుడు సిమెంటు రోడ్డు. పొద్దున్నే బూట్లేసుకుని గుంపులుగా నడుస్తున్నారు, చెవుల్లో పాటలు పెట్టుకుని. చూస్తే ముచ్చటేసింది. భయం లేకుండా ఒళ్ళు తగ్గించుకోవడం కూడా ఒక భాగ్యమే అనిపించింది...

ఆ రోజుల్లో ఉద్దానం తోటల్లో పెరిగినవాళ్ళు ఇది చదువుతుంటే, మీ ఇళ్ళలో చెప్పుకున్నవి కింద రాయండి. ఒకవేళ కూర్మారావు ఆ రోజు తప్పించుకున్నాడని ఎవరికైనా తెలిస్తే... దయచేసి ముందు అది రాయండి.