చిన్నబిడ్డ పేరు ఎక్కడిది

మా చిన్నబిడ్డకు సమీర అని పేరు పెట్టింది మా ఆయన. తొట్టెల నాడు మా ఆడబిడ్డ పాప చెవిలో ఎల్లమ్మ తల్లి పేరు చెప్పబోతుంటే, ఆయన అడ్డం వచ్చి వంగి ఈ పేరు చెప్పాడు. మా ఇంట్లో గానీ, చుట్టాల్లో గానీ ఎవరికీ లేని పేరు.

"ఏడికెల్లి తెచ్చినవ్‌రా గీ పేరు?" అని మా అత్త అడిగింది.

"మంచిగున్నది, పెట్టిన" అన్నాడు.

తొంభైల నాటి సంగతి ఇది. మాది అమీన్‌పూర్. జొన్న పండే రెండు చెలకలు ఉండేవి. మా ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. పెద్దబిడ్డ పేరప్పుడు "మీ ఇష్టం" అని చెలకకు వెళ్లిపోయిన మనిషి, ఈసారి ఇంత పట్టు ఎందుకు పట్టాడు? ఆ పేరుతో పాపను పిలిచేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు. అది నేను కనిపెట్టాను.

అర్థం తెలిస్తే ఎక్కడిదో తెలుస్తుందనుకున్నాను. బడిలో తెలుగు సారును అడిగితే "సమీరమంటే గాలమ్మా. సంస్కృతం మాట" అన్నాడు. మనసు కాస్త కుదుటపడింది. తర్వాత జాకెట్లు కుట్టించడానికి వెళ్తే, దర్జీ సాయిబు ఆ పేరు విని తల ఎత్తాడు.

"మా దాంట్ల గూడ ఉంటదమ్మా. అరబ్బీ మాట. పొద్దుగూకినంక తోడు కూసోని ముచ్చట చెప్పేటామె అని."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నేను నిండు నెలలతో ఉన్నప్పుడు ఆయన డబుల్ డ్యూటీ అని దోస్తుతో కబురు పంపి కొన్నాళ్లు ఇంటికి రాలేదు. వచ్చాక మనిషి చిక్కిపోయి, ఎప్పుడూ పడుకునే ఉండేవాడు. ఇప్పుడవన్నీ ఒకదానికొకటి కలిసిపోయాయి. అన్నం పెడుతూ అడిగేశాను.

"సమీర ఎవలు?"

"మన బిడ్డ."

"అంతకుముందు?"

కంచంలోనే చెయ్యి కడుక్కొని లేచిపోయాడు.

మర్నాడు ఆ దోస్తునే పిలిచి కూర్చోబెట్టాను. మా ఊరివాడే, అదే ఫ్యాక్టరీలో పని. గట్టిగా అడిగితే చెప్పాడు. "దవాఖానల ఉండె వదినె. పైపు లీకై గ్యాస్ పీల్చిండు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. సమీర అంటే పక్క బెడ్డు పేషెంటు పెండ్లాం."

నేను నమ్మలేదు. కలిసి పనిచేసేవాళ్లు ఒకరినొకరు కాపాడుకుంటారు. ఆదివారం పాపను ఎత్తుకొని "ఆమెను నాకు సూపియ్యి" అన్నాను. మా ఆయన కాదనలేదు.

పటాన్‌చెరు బజారు వెనక సందులో రేకుల ఇల్లు. తలుపు తీసిన మనిషికి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. మా ఆయనను చూడగానే "ఆవో బేటా, దమ్ము తగ్గిందా?" అంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టింది.

"ఊపిరాడక మస్తు పరేషాన్ అయితుండె బిడ్డా. పుట్టబోయే బిడ్డ ముఖం సూస్తనో లేదో అని ఒకటే ఏడుపు. పక్క బెడ్డు మీద మా ఆయన ఎట్లాగూ పండుకునే ఉంటుండె. ఇగ నేనే ఈయనతోని ముచ్చట పెట్టుకుంట కూసున్న."

పాపను ఒళ్లోకి తీసుకొని పేరడిగింది. నేనే చెప్పాను. ఆమె పాపను చూసింది, మా ఆయనను చూసింది.

"మా అబ్బా పెట్టిండు నాకు. అర్థం ఏందో నేనెన్నడు అడగలే" అంది మెల్లగా.

బస్సులో తిరిగి వస్తుంటే నాకు సిగ్గు రాలేదు. ఇంకో అనుమానం వచ్చింది.

"ఇంకేం దాచినవ్?"

"నువ్వు భయపడ్తవని చెప్పలే" అన్నాడు.

"గది కాదు. అంతకుముందు ఎన్నిసార్లు లీకయ్యింది?"

ఆయన కిటికీ బయటికి చూశాడు. ఒక్కసారి కాదని నాకు అర్థమైంది. ఆ తర్వాత డబుల్ డ్యూటీ అని కబురు వచ్చినప్పుడల్లా పాపను చంకనేసుకొని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లి వాచ్‌మన్‌తో పిలిపించేదాన్ని. ఆయన బూట్లతో బయటికి వచ్చి, ముఖం చూపించి, లోపలికి పోయేవాడు. తోటివాళ్లు నవ్వేవారట. రెండో వానాకాలానికి ఆయనే ఆ పని మానేసి చెలకలో టమాట వేశాడు. నవ్వినవాళ్లలో ఒకరి భార్య మా ఇంటికొచ్చి, తన మొగుణ్ణి బయటికి పిలిపించాలంటే గేటు దగ్గర ఎవరిని అడగాలో కనుక్కొని పోయింది.