నక్షాలో బాలమ్మ గుట్ట

రైలు పట్టాల పక్కనున్న ఆ గుట్టను కంకర కోసం మొత్తం తవ్వేశారని మొదట నాకు చెప్పింది మాకు పాలు పోసే సాయన్న. వినగానే గద్వాల ప్యాసింజర్‌లో కలిసిన ముసలి గొర్రెలకాపరి గుర్తొచ్చాడు.

ఒళ్లో కంబళి, చేతిలో మడతలు పడ్డ మ్యాపు, ఆయన మాటలో నక్షా. కిటికీలోంచి ఆ గుట్టను చూపించాడు.

"నేను వయసుల ఉన్నప్పుడు నక్షా గీసెటోళ్లొచ్చి దీని పేరేందని అడిగిన్రు. దానికి పేరే లేకుండె. నా పెండ్లాం బాలమ్మ పోయి నెల గాలే. బాలమ్మ గుట్ట అని చెప్పిన. రాసిన్రో లేదో తెల్వదు. ఆఫీసుల సుట్టు తిరిగి ఇప్పటికి తెచ్చిన. జర సూడు బిడ్డా."

నాన్న ఇంట్లో నేర్పిన ఇంగ్లీషు అక్షరాలే నాకున్న చదువు. నక్షాలో రైలు గీత వెంబడి ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కుంటూ పోయాను.

"ఉంది పెద్దయ్యా. బాలమ్మ గుట్ట. ఇదిగో."

"నేను అబద్ధమాడితే బాలమ్మ ఊకునేది గాదు. గింత పెద్ద అబద్ధానికి ఏమంటదో!" అని నవ్వి, ఆ పేరు మీద వేలు పెట్టాడు. వనపర్తి రోడ్డు స్టేషన్ వచ్చేదాకా తీయలేదు.

ఆ పేరు చదివే భాగ్యమిచ్చిన దేవునికీ, నాన్నకూ దండం. ఆ దారిన పోయేవాళ్లు, పట్టాల పక్కన ఖాళీ నేల కనిపిస్తే ఒక్కసారి బాలమ్మను తలుచుకోండి.