భయమ్మ జేబులో ఫ్యూజు

సబ్బుల కార్ఖానాలో మా అమ్మమ్మను అందరూ భయమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనేనని ఆవిడ అనుమానం. నేను కాదు. నేను దాన్ని ఊరంతా చాటానంతే. ఉరుమంటే భయం, బల్లంటే భయం, కుక్కర్ కూత వేస్తే వీధిలోకి పరుగు. అలాంటి మనిషి ఏళ్ళ తరబడి సబ్బు కలిపే యంత్రం నడిపింది.

ఆ యంత్రం మనిషిని మించిన ఎత్తున్న ఇనప తొట్టి. లోపల ఇనప రెక్కలు తిరుగుతాయి. సబ్బు రంగు మార్చినప్పుడల్లా ఎవరో ఒకరు అందులోకి దిగి, అంటుకున్నదంతా రేకుతో గీకాలి. మిగతావాళ్ళయితే స్విచ్ ఆపి దిగిపోయేవాళ్ళు. అమ్మమ్మకు అది చాలదు. కరెంటు బోర్డులోంచి తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి తన కోటు జేబులో వేసుకుంటే తప్ప ఎవరినీ దిగనిచ్చేది కాదు.

"స్విచ్ ఆపాక కూడా ఫ్యూజు పీకడమెందుకు పెద్దమ్మా? యంత్రానికి నీ మీదేమైనా పగా?" అనేవాడు సూపర్‌వైజర్. మేం ఆయనకు పెట్టుకున్న పేరు తొందరయ్య.

"స్విచ్‌ది ఏముంది నాయనా, ఎవరి మోచెయ్యి తగిలినా పడుతుంది. తెగిన చెయ్యి మళ్ళీ మొలుస్తుందా?"

ఆ రోజు తొట్టిలోకి దిగింది మా అమ్మ. అమ్మమ్మ ఎప్పటిలాగే ఫ్యూజు పీకి, మంచినీళ్ళకని నేను సబ్బులకు కాగితాలు చుట్టే పక్క గదిలోకి వచ్చింది. "ఏదీ, నీ పుట్టింటి సొత్తు చూపించు" అన్నాను. ఆవిడ ఫ్యూజు తీసి నా ముక్కు ముందు ఆడించింది.

అప్పుడే గోడ అవతల మోటారు మూలిగింది.

అమ్మమ్మ తన చేతిలోని ఫ్యూజు వంక చూసింది. నేనూ చూశాను.

"ఇది నా దగ్గరుంటే, అదెట్లా తిరుగుతోందే?" అంది.

మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి నాకంటే ముందు పరుగెత్తింది. వెళ్ళేసరికి మోటారు తిరుగుతోంది గానీ రెక్కలింకా కదల్లేదు. అవి తిరగాలంటే వేరే మీట లాగాలి. ఆ మీట మీద తొందరయ్య చెయ్యి ఉంది. తొట్టిలోంచి అమ్మ అరుస్తోంది. ఆ హోరులో అది సీసాలో చిక్కిన ఈగ చప్పుడంత వినిపించింది. అంచు మీద ఆమె వేళ్ళు కనిపించాయి. జారిపోయాయి. మళ్ళీ కనిపించాయి. పైకి రావాలంటే ఆ రెక్కల మీదే కాలు మోపాలి.

అమ్మమ్మ సూటిగా వెళ్ళి తొందరయ్య చేతికి వేలాడింది. ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. నేను స్విచ్ ఆపేశాను.

"లోపల ఎవరూ కనపడలా! ఫ్యూజు మర్చిపోయి నీ వెంట పట్టుకుపోయావనుకుని దాని చోట రాగి తీగ చుట్టా" అన్నాడాయన పడ్డచోటే కూర్చుని.

అమ్మను చేతులు పట్టి పైకి లాగాం. అమ్మమ్మ చాలాసేపు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. నేనేదో హాస్యమాడబోతే పళ్ళు టకటకలాడాయి.

మర్నాడు అమ్మమ్మ యంత్రం ముట్టనంది. "నా బుద్ధి కూడా గడ్డి తింది. దిగేది నా కూతురు, ఫ్యూజేమో నా జేబులోనా? బోర్డుకు తలుపు పెట్టండి, తాళం వెయ్యండి. దిగినవాళ్ళ దగ్గరే తాళంచెవి ఉండాలి" అంది యజమానితో. ఆయన గొణిగాడు, సణిగాడు, చివరికి పెట్టించాడు.

తాళంతో రెండు చెవులొచ్చాయి. "రెండోది ఆఫీసులో ఉంచుదాం" అన్నాడు తొందరయ్య. అమ్మమ్మ దాన్ని తీసుకెళ్ళి మురుగు కాలవలో పడేసింది.

"అయ్యో! ఉన్న ఒక్కటీ పోతే?"

"పోతే యంత్రం ఆగుతుంది. ఆగనీ."

ఆ వారంలోనే అమ్మ మళ్ళీ దిగాల్సి వచ్చింది. చెవి తాడుకు కట్టి మెడలో వేసుకుంది. "నేను దిగుతాలేవే" అన్నాను. "నువ్వు దిగితే నీ వాగుడికి సబ్బంతా నురగైపోతుంది" అంది గానీ, దిగేముందు మెడలోని చెవి మరోసారి తడిమి చూసుకుంది. ఆమె తల మళ్ళీ అంచు పైన కనిపించేదాకా మా గదిలో ఎవరమూ ఒక్క సబ్బుకూ కాగితం తిన్నగా చుట్టలేకపోయాం.